సెల్లార్‌లో బిస్కెట్లు పెట్టిన మా అపార్ట్‌మెంట్ కమిటీకి బహిరంగ లేఖ

ప్రెసిడెంటు గారికి, సెక్రటరీ గారికి, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం లిఫ్టు పక్కన నోటీసు బోర్డుకు అంటించి ఊరుకుందామనుకున్నాను. కానీ విజయవాడలో మనలాంటి అపార్ట్‌మెంట్లు వీధికి పది ఉన్నాయి. ఎలుకలు అన్నింటిలోనూ ఉన్నాయి. కమిటీలు కూడా, ఏమనుకోకండి, ఇంచుమించు మనలాంటివే. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. అపార్ట్‌మెంట్ పేరు రాయను, మీ పేర్లు అసలే రాయను.

పోయిన ఆదివారం మీటింగు ఎందుకు పెట్టారో ముందు గుర్తుచేస్తాను. నాలుగో అంతస్తు వారి కొత్త కారు బానెట్ కింద వైర్లన్నీ ఎలుక కొరికేసింది. షోరూంలో 22 వేలు బిల్లు వేశారు. గంటంపావు మాట్లాడుకుని, సెల్లార్‌లో డజను జిగురు అట్టలు పరచాలని, ఎలుకల మందు పేస్టు బిస్కెట్లకు రాసి మూలమూలలా పెట్టాలని తీర్మానించారు. తగ్గకపోతే పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచి టాబ్లెట్లు పెట్టిద్దామన్నారు.

దానికి రెండు నెలల ముందు, శ్రావణ మాసంలో, మా వారు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అదీ ఎలుక వల్లే. అప్పుడు మీటింగు పెట్టలేదు. నిష్ఠూరమాడుతున్నాననుకుంటారేమో. కాస్త ఉంది, దాచుకోను. మనిషి ప్రాణానికి కదలని కమిటీ కారు వైర్లకు కదిలింది. సరే, ఎలాగోలా కదిలింది కదా, ఆ కదిలిన కదలికేదో సరైన దారిలో ఉండాలని నా తాపత్రయం.

మా వారి సంగతి మీలో చాలామందికి సగమే తెలుసు. "పెద్దాయనకి వైరల్ ఫీవరట" అనే తెలుసు. అసలు జరిగింది ఇది. వర్షం నీళ్లు సెల్లార్‌లోకి దిగి సంపు మోటారు ఆగిపోయింది. ప్లంబరు సాయంత్రం వస్తానన్నాడు. సాయంత్రం దాకా ఆగే మనిషైతే ఆయన మా ఆయన ఎందుకవుతారు? లుంగీ ఎగ్గట్టి, చెప్పులు లేకుండా, చీలమండలు మునిగే నీళ్లలో రెండు గంటలు నిలబడి మోటారు విప్పారు. ఆయన మడమలు ఎండాకాలం చెరువులా పగిలి ఉంటాయి. రాత్రి ఆముదం రాసుకోమని ఎన్నేళ్లుగానో చెబుతున్నాను. ఆ పగుళ్లే తలుపులయ్యాయి.

పదో రోజు చలితో జ్వరం. ఆ మర్నాటికి పిక్కలు పట్టేశాయి. మామూలు ఒళ్లునొప్పులు కావు, దుప్పటి తగిలినా మూలిగారు. కళ్లు చింతనిప్పుల్లా ఎర్రబడ్డాయి, పుసులు మాత్రం లేవు. డెంగీ టెస్టు నెగెటివ్, మలేరియా నెగెటివ్. ప్లేట్‌లెట్లు 80 వేలకు దిగాయి. అందరం డెంగీయే అనుకున్నాం, టెస్టులో దొరకలేదేమో అనుకున్నాం. ఆరో రోజు మూత్రం తగ్గింది, కళ్లలో పచ్చదనం కనిపించింది. అప్పుడు రాత్రి డ్యూటీకి వచ్చిన కుర్ర డాక్టరు అడిగాడు: "అమ్మా, మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

నేను ముప్పై ఏళ్లు లాబ్ టెక్నీషియన్‌గా చేశాను. ఎంతమంది రక్తమో ఈ చేతుల మీదుగా వెళ్లింది. ఆ ప్రశ్న నాకు నేను వేసుకోవాల్సింది. తట్టలేదు. ఇంట్లో ఎలుక అంటే చింపేసిన బియ్యం సంచీ, కొరికేసిన పట్టుచీర అనే మన బుర్రలో ఉంటుంది తప్ప, జ్వరం అనే ఊహ రాదు.

దాని పేరు లెప్టోస్పైరోసిస్. పత్రికల వాళ్లు ఎలుక జ్వరం అంటారు. లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఎలుక కిడ్నీల్లో కాపురం ఉంటుంది. ఎలుకకు ఏమీ కాదు, నిక్షేపంగా తిరుగుతుంది, తిరిగినంత మేరా మూత్రం చుక్కలు రాలుస్తూ పోతుంది. ఆ క్రిమి ఎండలో, పొడినేల మీద చస్తుంది. తడి మట్టిలో, నిలవ నీళ్లలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది. మన చర్మం మీద చిన్న గీత ఉన్నా, నీళ్లలో నాని మెత్తబడినా, ఆ నీళ్లు కంట్లో పడినా లోపలికి దిగిపోతుంది. రెండు రోజుల నుంచి నెల లోపు ఎప్పుడైనా బయటపడొచ్చు. చాలామందిలో జ్వరంతోనే పోతుంది. కొందరిలో కామెర్లు, కిడ్నీలు పాడవడం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. 1886లో అడాల్ఫ్ వైల్ అనే జర్మన్ డాక్టరు ఈ తీవ్రమైన రూపం గురించి రాశాడు. దానికి కారణమైన క్రిమిని 1915 ప్రాంతంలో జపాన్ వాళ్లు పట్టుకున్నారు, తడి బొగ్గు గనుల్లో పనిచేసే కూలీలకు వచ్చే జబ్బుని వెతుకుతూ. మా వారికి గని అక్కర్లేకపోయింది, సెల్లార్ సరిపోయింది.

ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షల మందికి పైగా ఇది వస్తుందని, 59 వేల దాకా చనిపోతారని 2015లో వెలువడిన ఒక అంచనా. కేరళలో దీన్ని ఎలిప్పని అంటారు. ఎలి అంటే ఎలుక, పని అంటే జ్వరం. అక్కడ పొలం పనికి వెళ్లే ఆవిడ కూడా డాక్టరు దగ్గర ఆ మాట తానే ఎత్తుతుందట. 2018 వరదల తరవాత అక్కడ ఎలిప్పని విజృంభించింది. మనకూ 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగింది, మన సెల్లార్ మెడలోతు మునిగింది. కింద ఉన్న ఎలుకలన్నీ పైపులు పట్టుకుని పైకెక్కాయి. నీళ్లు దిగాయి గానీ అవి దిగలేదు. వరద నష్టం లిస్టులో ఫ్రిజ్‌లు, స్కూటర్లు రాసుకున్నాం, ఇది రాసుకోలేదు.

సకాలంలో పట్టుకుంటే దీనికి మందులున్నాయి, పాతవే, ఖరీదైనవీ కావు. మా వారికి ఇంజెక్షన్లు మొదలుపెట్టిన మూడో రోజుకి మూత్రం తేరుకుంది. డయాలసిస్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. చిక్కంతా పట్టుకోవడంలోనే. మొదటి వారంలో యాంటీబాడీ టెస్టు నెగెటివ్ రావచ్చు. అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను: జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళితే, ఇంట్లో ఎలుకలు తిరుగుతున్నాయనో, మురికి నీళ్లలో దిగాననో మీరే చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. షుగరుందని చెప్పడం లేదూ? ఇది చదివి మందుల షాపులో మాత్రలు కొనుక్కుని మింగకండి మళ్లీ.

ఇక మీ తీర్మానాల సంగతి.

మంగళవారం పొద్దున పాలు తెచ్చుకుందామని బయటికొచ్చాను. సెల్లార్ మెట్ల దగ్గర వాచ్‌మన్ కూతురు కూర్చుని ఉంది. నాలుగేళ్లది, నన్ను అమ్మమ్మగారూ అంటుంది. చేతిలో బిస్కెట్. దాని మీద బూడిదరంగు పేస్టు. వెల్లుల్లి వాసన నాకు మూడడుగుల దూరంలోనే తగిలింది. పిల్ల అది ఏదో క్రీము బిస్కెట్ అనుకుంది. చేతి మీద కొట్టి లాగేసుకున్నాను. పిల్ల ఏడుపు అందుకుంది, వాళ్లమ్మ పరుగెత్తుకొచ్చింది. నోట్లో పెట్టుకోలేదని తేల్చుకునేసరికి నా కాళ్లు వణికాయి. చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగించాం. నోట్లో పెట్టుకుని ఉంటే, ఉప్పునీళ్లు తాగించి కక్కించడం లాంటి సొంతవైద్యాలు లేవు. ఆ ట్యూబు కూడా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరుగెత్తడమే.

ఆ పేస్టులో ఉండేది ఎల్లో ఫాస్ఫరస్. ఆసుపత్రుల్లో మేము "పేస్టు కేసు" అనేవాళ్లం. ఆ మాట వింటే సీనియర్ నర్సులు కూడా మాట తగ్గించేవారు. మొదటి రోజు వాంతులు, కడుపునొప్పి. ఆ తరవాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఇంటివాళ్లు గండం గడిచిందనుకుని డిశ్చార్జి చేయమంటారు. ఆ వేళకే లివర్ పరీక్షల అంకెలు వందలు దాటి వేలల్లోకి పోతుంటాయి. దీనికి విరుగుడు లేదు. లివర్ మార్చాల్సి వచ్చిన వాళ్లున్నారు. తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టును నిషేధించింది. మన దగ్గర కిరాణా షాపులో అగరొత్తుల పక్కన వేలాడుతుంటుంది. పసిపిల్లల సంగతి ఒకటైతే, ఇంట్లో ఎవరికో ఒక ముహూర్తాన మనసు బాగోలేనప్పుడు చేతికందే దూరంలో ఆ ట్యూబు ఉండటం ఇంకొకటి. లాబ్‌లో నేను చూసిన పేస్టు కేసుల్లో పొరపాటున తిన్నవి తక్కువ. ఇంతకంటే దాని గురించి రాయలేను.

టాబ్లెట్ల మాట కూడా చెబుతాను. 2024 నవంబరులో చెన్నై పక్కన కుండ్రత్తూరులో ఒక ఫ్లాట్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఎలుకల మందు పెట్టి వెళ్లారు. రాత్రి ఏసీ వేసుకుని తలుపులు మూసి పడుకున్నారు. ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు, తల్లిదండ్రులు ఆసుపత్రి పాలయ్యారు. ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ టాబ్లెట్లు గాలిలో చెమ్మ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. ఇవి మనుషులు పడుకునే కొంపల్లో పెట్టేవి కావు. పెస్ట్ కంట్రోల్ వాళ్లు వస్తే మొదట అడగాల్సింది రేటు కాదు, మందు పేరు. చీటీ మీద రాయించుకోండి.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అని మన పెద్దలు అన్నది ఊరికే కాదు.

జిగురు అట్ట మందు కాదు కదా, దానికేం అంటారు. పాపం సంగతి పక్కన పెట్టి, శుభ్రం సంగతే చూడండి. అట్టకు అతుక్కున్న ఎలుక వెంటనే చావదు. రాత్రంతా గింజుకుంటూ ఆ భయానికి మూత్రం, పెంటికలు అక్కడే వదులుతుంది. మనం దేనికి భయపడుతున్నామో దాన్నే అది అట్టనిండా పోస్తుంది. తెల్లారాక ఆ అట్టను వట్టి చేతులతో మడిచి చెత్తలో పడేసేది ఎవరు? మీరు కాదు, నేను కాదు. మందు తిన్నదైతే మనకు చేయి పట్టని డక్ట్‌లోకి, అంటే పైపులు దిగే సందులోకి, పోయి చస్తుంది. వారం రోజులు కంపు. చచ్చిన ఎలుక ఒళ్లు చల్లబడగానే దాని మీది గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీ అంటారే, ఆ గెంతే చిన్న పురుగులు) వేరే ఒంటిని వెతుక్కుంటూ బయల్దేరతాయి. మా అత్తగారిది అనంతపురం వైపు. వాళ్ల అమ్మమ్మ చెప్పేదట, దూలం మీంచి ఎలుక రాలి పడిందంటే సామాను కట్టుకుని ఊరు వదిలి పొలాల్లో పాకలు వేసుకునేవారని. ప్లేగు గోమార్ల ద్వారా పాకుతుందని పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో తేల్చాడు. మన జనం అంతకుముందే ఎలుక రాలడాన్ని బట్టి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇప్పుడు మనకు ప్లేగు భయం లేదు. కానీ గోమార్లతో వచ్చే టైఫస్ జ్వరాలు (టైఫాయిడ్ కాదు, అది వేరు) ఇప్పటికీ ఉన్నాయి.

ఊడ్చే అమ్మాయి గురించి కూడా రాయాలి. స్టోర్ రూములో ఎలుక పెంటికలు కనిపిస్తే మనం చీపురిచ్చి ఊడ్చేయమంటాం. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకే. మీలో సగం మంది పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఫోనులో అడగండి. అక్కడ గ్యారేజీలో ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు, వాక్యూమ్ రెండూ ముట్టుకోవద్దంటారు. 1993లో అక్కడి నైరుతి రాష్ట్రాల్లో ఆ దుమ్ము పీల్చడం వల్లే హంటా వైరస్ జబ్బు వచ్చి ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్లు చనిపోయారు. ఆ జాతి ఎలుక మన దగ్గర లేదు. ఊడ్చే పద్ధతి మాత్రం అక్కడిదే మంచిది. గది తలుపులు అరగంట తీసి పెట్టాలి. చేతులకు గ్లౌజులు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లు వాటి మీద పోసి ఐదు నిమిషాలు నాననివ్వాలి, తరవాత పాత గుడ్డతో ఎత్తేయాలి. ఒక జత గ్లౌజులు, ఒక డబ్బా బ్లీచింగ్ పౌడరు. డజను జిగురు అట్టల కంటే చవక.

మీటింగులో వచ్చిన మిగతా మాటలకు రెండు ముక్కలు. వినాయకుడి వాహనాన్ని చంపకూడదన్న పెద్దమనిషికి: చంపొద్దు స్వామీ, ఇంట్లోకి రానివ్వొద్దు అంటున్నాను, వాహనం బయటే పార్కు చేసుకుంటుంది. పిల్లిని పెంచుదామన్న వారికి: పిల్లి మనకు ఉంది. మూడో అంతస్తు వారు పెట్టే పెరుగన్నం తిని, జనరేటరు మీద పడుకుని, ఎలుకలు వెళుతుంటే తోక ఊపుతుంది. ఆ గిన్నెలో మిగిలింది ఎలుకలు తింటున్నాయి, నేను కళ్లారా చూశాను. గోడవారగా కిచకిచమంటూ పోయే మూతి పొడుగుది చుంచు, ఎలుక జాతి కాదు, బొద్దింకల్ని తింటుంది. అలాగని దాన్నీ వంటింట్లో ఉండనివ్వక్కర్లేదు.

పది ఎలుకల్ని చంపితే ఏమవుతుందో లెక్క చెబుతాను. ఆడ ఎలుకకు కడుపు నిలిచిన మూడు వారాలకు ఈత, ఈతకు ఆరు నుంచి పన్నెండు పిల్లలు. తిండి, గూడు ఉన్నన్నాళ్లు ఖాళీ అయిన చోటికి పక్క బిల్డింగువి వచ్చి చేరతాయి. ఆ తిండి పెడుతున్నది మనమే. రాత్రి తొమ్మిదికి అన్నం, చేపముళ్లు, పండ్ల తొక్కలు కవర్లో కట్టి గుమ్మం బయట పెడతాం. చెత్త బండి వచ్చేది పొద్దున ఏడింటికి. పది గంటల విందు! మా ఎదురింటి గుమ్మం ముందు కవరు రాత్రి పదకొండుకు కదలడం నేను తలుపు కన్నంలోంచి చూశాను. మొదట గాలి అనుకున్నాను. కవరుకు అడుగున చిల్లు పడింది, చిల్లులోంచి ముక్కు, మీసాలు. నింపాదిగా చికెన్ ఎముక లాక్కుని, పైపు పక్కనున్న కన్నంలోకి వెళ్లిపోయింది. ఆ కన్నం నా బొటనవేలు పట్టేంత. చిట్టెలుకకైతే పెన్సిలు దూరేంత సందు చాలు. ఇంటి ఎలుక ఎక్కడంలో కోతిని మించింది, ఐదో అంతస్తు వారు ఇది గ్రౌండ్ ఫ్లోర్ గొడవ అనుకోనక్కర్లేదు.

కాబట్టి నేనడిగేది ఇది. చెత్త కవరు పొద్దున బండి కూత వినపడ్డాకే బయటికి రావాలి, అంతదాకా మూత బిగిసే డబ్బాలో వంటింట్లో ఉండాలి. డక్ట్‌లో ప్రతి పైపు చుట్టూ ఉన్న కన్నాలు ఇనుప జాలీ కుక్కి సిమెంటుతో మూయించాలి. వట్టి సిమెంటు పచ్చిగా ఉండగానే తవ్వేస్తాయి. మేస్త్రీని పిలిచి చూపించాను, అన్ని అంతస్తులకూ కలిపి 18 వేలు అడిగాడు. కారు వైర్ల బిల్లు కంటే తక్కువ. సంపు చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు వేయించాలి, అక్కడ ఎవరు దిగినా వేసుకోవడానికి రెండు జతల గమ్‌బూట్లు కొని మోటారు గదిలో ఉంచాలి. ఉన్న ఎలుకలకు స్ప్రింగు బోన్లు పెట్టండి. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం, మొదటి మూడు రాత్రులు బోను బిగించకుండా పకోడీ ముక్కో కాల్చిన కొబ్బరో ఊరికే పెట్టి అలవాటు చేయాలి. ఇది నేను కనిపెట్టింది కాదు, మా నాన్న చేసేవారు. జిగురు అట్టలు తీయించేయండి. పేస్టు రాసిన బిస్కెట్లు ఎన్ని పెట్టారో, ఎక్కడెక్కడ పెట్టారో లెక్క ఉందా? మంగళవారం వాచ్‌మన్, నేను కలిసి వెతికితే తొమ్మిది దొరికాయి. సెక్రటరీ గారు పన్నెండు పెట్టించానన్నారు. మిగతా మూడు ఎలుకలు తిన్నాయని నమ్మి నిద్రపోలేకపోతున్నాను.

ఇంకొక్క విషయం, ఇది చెప్పాలనే అసలు కలం పట్టాను.

2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి పది రోజుల పసికందు చనిపోయాడు. 2022లో వరంగల్ ఎంజీఎంలో ఐసీయూలో కదలలేని రోగి వేళ్లను కొరికాయి. రెండుసార్లూ మనం టీవీ ముందు కూర్చుని ఆసుపత్రుల్ని తిట్టిపోశాం. మన సెల్లార్‌లో, లిఫ్టు మోటారు పక్క గదిలో వాచ్‌మన్ దంపతులు, ఇద్దరు పిల్లలు నేల మీద పడుకుంటారు. రెండోవాడికి ఏడాది నిండలేదు. పాలు తాగిన మూతి, అన్నం అంటిన వేళ్లు, ఆ వాసనకే ఎలుక వస్తుంది. వాళ్ల గది తలుపుకీ నేలకీ మధ్య మూడు వేళ్ల సందు ఉంది. రాత్రి అందులో పాత చీర కుక్కుకుని పడుకుంటున్నారు. ఆ చీరను వాచ్‌మన్ భార్య నాకు చూపించింది, అంచు మొత్తం కొరికేసి ఉంది.

మా తలుపు కింద నేను రేకు కొట్టించుకున్నాను, ఆరువందలైంది. వాళ్ల తలుపుకూ కొట్టించమని అదే వడ్రంగికి చెబితే వాచ్‌మన్ ఒప్పుకోలేదు. "కమిటీ వాళ్లు అడక్కుండా చేయించుకున్నాననుకుంటారేమో అమ్మగారూ" అన్నాడు. వచ్చే ఆదివారం మీటింగులో కారు గురించి, నా లిస్టు గురించి తీరిగ్గా మాట్లాడుకుందాం. ఆ రేకు సంగతి మాత్రం ఆదివారం దాకా ఆపకండి. ఈ సాయంత్రమే ప్రెసిడెంటు గారు కిందికి దిగి ఆ అబ్బాయికి సరే అని ఒక్క మాట చెబితే చాలు. వడ్రంగి రేపు ఎలాగూ వస్తున్నాడు.

ఇట్లు,
జి-2, గ్రౌండ్ ఫ్లోర్